బీరువాలో పొయ్యిలు

నేను మేనేజరుగా పనిచేసిన ఆశ్రయంలో నా కుర్చీ వెనక ఒక ఇనుప బీరువా ఉండేది. పై అరలో ఫైళ్ళు, కింది మూడు అరల్లో పొయ్యిలు. ఫైళ్ళు సంస్థవి, పొయ్యిలు మా దగ్గరకొచ్చిన కుటుంబాలవి. రెండు కరెంటు హీటర్లు, ఒక పంపు స్టవ్వు, నూనె డబ్బా కోసి చేసుకున్న కట్టెల పొయ్యి, నెత్తిన బర్నరు బిగించిన బుల్లి గ్యాసు బండ, ఇంకా అలాంటివే. గదుల్లో ఉంటే ప్రమాదమని ఆ గ్యాసు బండను తెచ్చి నా వీపు వెనకే పెట్టుకుని, దాని ముందు కూర్చుని మూడేళ్ళు భద్రత గురించి రిపోర్టులు రాశాను.

మాది హిందూపురంలో, లేపాక్షి రోడ్డు పక్కన, ఒకప్పటి పట్టుగూళ్ళ గోదాము. అడ్డగోడలు కట్టి, సున్నం కొట్టి, పదకొండు గదులు చేసి దిక్కులేని కుటుంబాలకు ఇచ్చారు. మొగుడు వదిలేసినవాళ్ళు, మొగుణ్ణి వదిలేసినవాళ్ళు, వానకు ఇల్లు కూలినవాళ్ళు, అత్తింటికీ పుట్టింటికీ మధ్య బస్సుల్లో తిరిగి తిరిగి అలిసిపోయినవాళ్ళు మా దగ్గరికి వచ్చేవాళ్ళు. గేటు లోపలి గోడ మీద నీలిరంగులో ‘కుటుంబం విడిపోకూడదు’ అని రాసి ఉండేది. దాని కింద నియమాలు. నాలుగోది: గదుల్లో నిప్పు వెలిగించరాదు, వంట చేయరాదు. అది నా సొంత రచన. చేరిన మొదటి వారంలోనే రాశాను. బెంగళూరు నుంచి రెండు నెలలకోసారి వచ్చే మా అధ్యక్షులవారు అది చదివి, ‘‘చాలా స్పష్టంగా ఉందమ్మా’’ అన్నారు. ఆ పొగడ్తను దాచుకుని, పని బాగా విసిగించిన రోజుల్లో బయటికి తీసి చూసుకునేదాన్ని.

నియమం రాయడానికి పెన్ను చాలు, అమలు చేయడానికి ముక్కు కావాలి. అన్నం ఉడికితే అంత తేలిగ్గా పట్టుబడదు. మనిషిని పట్టించేది తిరగమోత. మధ్యాహ్నం మూడింటికి, నేను కునుకు తీస్తున్నానని వాళ్ళు నమ్మే వేళలో, ఏదో ఒక గదిలో ఆవాలు చిటపటమనేవి. చెప్పులు వదిలేసి వరండాలో పిల్లిలా నడిచి తలుపు తట్టేదాన్ని. లోపల కొంగుతో పొగ విసురుకుంటూ ఒక తల్లి, మూతులు తుడుచుకుంటూ పిల్లలు. ‘‘ఏం లేదు మేడమ్, ఊరికే నీళ్ళు కాస్తాండా’’ అనేవాళ్ళు. కరివేపాకు వేసి కాచిన నీళ్ళు! పొయ్యి చల్లారేదాకా గుమ్మంలోనే నిలబడి, తరవాత దాన్ని చంకన పెట్టుకుని వచ్చి బీరువాలో పడేసేదాన్ని.

మూడు పూటలా వేడివేడిగా పెడుతుంటే ఈ దొంగవంట ఏమిటని నాకు ఒళ్ళు మండేది. మా వంటామెకు నాకన్నా ఎక్కువ మండేది. ఆమె లేపాక్షి పక్క నుంచి రోజూ మొదటి బస్సుకు వచ్చి, ఒకే పప్పును వారానికి ఏడు పేర్లతో వండేది. ఆ వంట బాగాలేదని ఆమె మొహం మీద అనడానికి పదకొండు గదుల్లో ఎవరికీ ధైర్యం లేదు. ఆవాలతో చెప్పేవాళ్ళు.

వంటింటి బయట రైలు పట్టా ముక్క ఒకటి వేలాడేది. పూటపూటకూ వంటామె దాన్ని ఇనుప కడ్డీతో మోగించగానే పిల్లలు స్టీలు కంచాలతో పరుగెత్తుకొచ్చి వరసగా నిలబడేవాళ్ళు. తల్లులు వాళ్ళ వెనక. నేను వరండాలో చేతులు కట్టుకుని నిలబడి ఆ వరస చూసి మురిసిపోయేదాన్ని. ఒక్కోసారి ఫోటో తీసి అధ్యక్షులవారికి వాట్సాప్‌లో పంపేదాన్ని. ఆయన వెంటనే చేతులు జోడించిన బొమ్మ పంపేవారు.

అలాంటి క్రమశిక్షణ మధ్యకు ముదిగుబ్బ దగ్గరి పల్లె నుంచి ఒకామె ఇద్దరు ఆడపిల్లలతో వచ్చింది. పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నదానికి రెండేళ్ళు కూడా నిండలేదు. మొగుడు తాగి కొడుతుంటే పిల్లల్ని తీసుకుని నడిచి వచ్చి, ముదిగుబ్బ బస్టాండులో మూడు రోజులుందట. మూడు రోజులూ పట్టించుకోని జనంలో ఎవరో ఒకరికి నాలుగో రోజున జాలి కలిగి పిల్లల హెల్ప్‌లైనుకు ఫోన్ చేశారు. దాంతో పిల్లల పేర్లు పెనుకొండలో కూర్చునే పిల్లల సంరక్షణ కమిటీ ఫైలులోకి ఎక్కాయి. కమిటీ ముగ్గురినీ మా దగ్గరికి పంపింది. వాళ్ళ అనుమతి లేకుండా పిల్లల్ని బయటికి తీసుకుపోకూడదని షరతు పెట్టింది.

మా దగ్గరికి వచ్చినవాళ్ళు మామూలుగా మొదటి వారమంతా కళ్ళనీళ్ళతో దండాలు పెడతారు. నాకది అలవాటైపోయింది, నిజం చెప్పాలంటే ఇష్టమైపోయింది. ఈమె గొర్రెలు కాసిన మనిషి, గొంతు గుట్ట అవతలికి వినిపించేది. గది చూసి మొదట అన్న మాట, ‘‘గాలి రాదే! ఈ కిటికీ ఏమిటికి మూసినారు మేడమ్?’’ అని. ఆమె గోనెసంచిలో బట్టలకన్నా ముందు రాగిపిండి, సంగటి కెలికే కట్టె, చిన్న ఇనుప పొయ్యి బయటపడ్డాయి. పొయ్యిని నేను గేటు దగ్గరే పట్టుకున్నాను.

‘‘మళ్ళ ఎప్పుడిస్తారు?’’ అంది.

‘‘ఇక్కణ్ణుంచి పోయేటప్పుడు.’’

‘‘అంతవరకు పిల్లోళ్ళకు ఏం పెట్టేది?’’

‘‘మేం పెడతాం కదా.’’

‘‘మీరు పెడితే నేనేం చేసేది?’’

‘‘విశ్రాంతి తీసుకో’’ అన్నాను. చాలా సంస్కారవంతమైన జవాబు చెప్పానని ఆ రోజంతా తృప్తిగా ఉంది.

ఆమె విశ్రాంతి తీసుకునే రకం కాదు. పెరడంతా ఊడ్చేది, ఎవరి పిల్లలకు జ్వరమొచ్చినా తనే ఆస్పత్రికి తీసుకుపోయేది. చిన్నపిల్ల మాత్రం నాలుగు రోజులు గడవగానే నా ఆఫీసు గదిలో మకాం పెట్టింది. నా బల్ల మీద కూర్చుని పాత కవర్ల మీద గీతలు గీసేది, నా చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకుని వినేది. పిల్లలంతా నన్ను మేడమ్ అంటారు గనక అదీ మేడమ్ అనే పిలిచేది. మేడమ్ అంటే ఏదో చుట్టరికం అనుకుంది పాపం. నేనూ దాని కోసం సొరుగులో బిస్కెట్లు పెట్టుకునేదాన్ని. గదుల్లో తినుబండారాలు దాచరాదన్నది ఆరో నియమం, అది ఆఫీసు గదికి వర్తించదు.

నెలకోసారి ఒక్కో తల్లి గురించీ నేనొక ఫారం నింపి కమిటీకి పంపాలి. ఎక్కడో ఏ దేశంలోనో పుట్టి, ఎవరి చేతిలోనో తెలుగైన ఫారం. ‘కుటుంబం బల్ల చుట్టూ కూర్చుని భోజనం చేస్తుందా?’ అని ఒక ప్రశ్న. ‘బల్ల లేదు’ అని రాసేదాన్ని. ‘తల్లి పిల్లలకు స్వయంగా వండిపెడుతుందా?’ అని ఇంకొకటి. ‘లేదు’ అని రాసేదాన్ని. ‘పిల్లల ఆహారం విషయంలో తల్లి బాధ్యత తీసుకుంటుందా?’ లేదు. నేను అబద్ధాలు రాసే మనిషిని కాదు. ఆ గొర్రెల మనిషి గురించి పదకొండు నెలలు, నెలనెలా, గుండ్రటి అక్షరాలతో ‘లేదు’ అని రాశాను. బీరువాకు వీపు ఆనించి కూర్చునే రాశాను. ఒక్కసారైనా నా చెయ్యి ఆగలేదు.

పదకొండో నెలలో ఆమె నవ్వుకుంటూ ఆఫీసులోకి వచ్చింది. ధర్మవరంలో వాళ్ళ చిన్నాన్న కూతురి ఇంట్లో రెండు మగ్గాలున్నాయట. వెనక గది ఖాళీగా ఉందట. పట్టుదారం కండెలు చుట్టే పని ఇస్తారట. రెండుసార్లు పోయి చుట్టడం నేర్చుకుని కూడా వచ్చింది.

‘‘బడి తెరిచేలోపల పోతాను మేడమ్. పెద్దదాన్ని ఆడ బడికేస్తా. చిన్నది నా పక్కలో కూర్చోనుంటాది’’ అంది.

నాకు పట్టరాని సంతోషం. సొంత కాళ్ళ మీద నిలబడి బయటికి పోయే కుటుంబం మాకు ఏడాదికొకటి దొరకడమే గగనం. అధ్యక్షులవారు వీడ్కోలు రోజున తల్లి చేతికి తులసి మొక్క ఇచ్చి ఫోటో తీద్దామన్నారు. అనుమతి మాత్రం కమిటీ ఇవ్వాలి. అదొక లాంఛనం అనుకున్నాను.

నలుగురం ప్యాసింజరు రైల్లో పెనుకొండ పోయాం. తల్లి పెద్దపిల్లకు రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టింది. కమిటీ గదిలో బల్ల వెనక ముగ్గురున్నారు. మాట్లాడింది మాత్రం మధ్యలో కూర్చున్న కళ్ళద్దాల మేడమ్ ఒక్కరే. ఫైలు మొదటి కాగితం నుంచి చివరిదాకా చదివారు. నా రాత అంత శ్రద్ధగా చదివిన మనిషి అంతకుముందు లేరు.

పెద్దపిల్లను దగ్గరికి పిలిచి, ‘‘మీ అమ్మ నీకేం వండి పెడుతుంది పాపా?’’ అని అడిగారు.

‘‘మా యమ్మ వండదు.’’

‘‘మరి అన్నం?’’

‘‘గంట కొడితే వస్తాది.’’

ఆమె కళ్ళద్దాల పైనుంచి తల్లి వైపు చూశారు. ‘‘పదకొండు నెలల్లో పిల్లలకు ఒక్క పూటైనా వండిపెట్టలేదా నువ్వు?’’

‘‘యాడ వండేది మేడమ్?’’

‘‘పొయ్యి లేదా?’’

‘‘ఉండాది. ఆయమ్మ బీరువాలో ఉండాది’’ అని గడ్డంతో నన్ను చూపించింది.

గదిలో అందరూ నా వైపు తిరిగారు. నేను నిబంధనల గురించి, అగ్నిప్రమాదాల గురించి, అందరికీ సమానంగా అందే పౌష్టికాహారం గురించి మాట్లాడాను. మంచి భాషలోనే మాట్లాడాను. అంతా విని ఆమె, ‘‘ఈ ఫారాలు రాసింది మీరే కదా?’’ అన్నారు. నేనే అన్నాను. ‘‘వీటిలో అబద్ధముందా?’’ లేదన్నాను. ‘‘అయితే వండనిచ్చేది లేదన్నదీ మీరే, వండడం లేదని మాకు రాసిందీ మీరే’’ అన్నారు. పదకొండు నెలల్లో నాకు తట్టని సంగతి ఆమెకు పదకొండు నిమిషాల్లో తట్టింది.

అయినా ఫైలు ఫైలే. కాగితాల మీద ఆ తల్లి పిల్లల ఆకలి పట్టించుకోని మనిషి. పదిహేను రోజుల్లో తనే హిందూపురం వచ్చి, తల్లి వండిపెట్టడం, పిల్లలు తినడం కళ్ళతో చూస్తానని, తృప్తిగా లేకపోతే పిల్లలు పెనుకొండలోని బాలికల గృహానికి, తల్లి ఒక్కతే ధర్మవరానికి పోవాలని చెప్పారు. ఏడాది తరవాత మళ్ళీ ఆలోచిస్తారట.

తిరుగు రైల్లో తల్లి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కాసేపటికి, ‘‘పిల్లోళ్ళను నిజంగా పెరుక్కుంటారా మేడమ్?’’ అని అడిగింది.

‘‘ఛ, లాక్కోరు’’ అన్నాను, అంతా నా చేతిలో ఉన్నట్టు.

హిందూపురం వచ్చేదాకా ఇద్దరు పిల్లల్నీ దగ్గరకు లాక్కుని కూర్చుంది. గుట్ట అవతలికి వినిపించే మనిషి ఆ ప్రశ్నను పక్కవాళ్ళకు కూడా వినపడకుండా అడిగిందని గుర్తొచ్చి నాకు భయమేసింది.

అధ్యక్షులవారికి ఫోన్ చేశాను. ‘‘ఒకరికి పొయ్యి ఇస్తే అందరూ అడుగుతారమ్మా. వంటింట్లో చేయించండి’’ అన్నారు. వంటామెను అడిగాను. ‘‘నా వంటింట్లో ఇంకొకరు గంటె పట్టుకుంటే నేను లేపాక్షి బస్సెక్కుతా’’ అంది. నాలుగో నియమం ఎంత స్పష్టంగా ఉందో అప్పుడు నాకు పూర్తిగా అర్థమైంది. ఎటు తిరిగినా దానికే తల కొట్టుకుంటుంది. చివరికి బీరువా తాళం తీసి గొర్రెల మనిషి పొయ్యి ఆమె చేతికిచ్చి, పెరట్లో బట్టలుతికే బండ పక్కన పెట్టుకొమ్మన్నాను. పది నిమిషాల్లో ఆఫీసు గుమ్మం ముందు మిగతా తల్లులంతా నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగలేదు, ఊరికే నిలబడ్డారు. ఎవరి పొయ్యి వాళ్ళకిచ్చేశాను. గ్యాసు బండతో సహా.

కళ్ళద్దాల మేడమ్ చెప్పిన రోజున పదింటికల్లా వచ్చారు. పెరట్లో స్టూలు వేసి కూర్చోబెట్టాం. గొర్రెల మనిషి తలకు పోసుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుంది. సంగటి కెలుకుతుంటే ఆమె భుజాలు కదలడం చూసి నాకు ముచ్చటేసింది. పదకొండు నెలలు ఆ చేతుల్ని నేను ఖాళీగా కూర్చోబెట్టాను. వేయించిన చెనిక్కాయలు, ఎండుమిరపకాయలు రోట్లో నూరి ఊరిబిండి చేసింది. ముద్దలు కట్టి నెయ్యి వేసి పిల్లల్ని పిలిచింది. పెద్దది కూర్చుని గబగబా తింది. కళ్ళద్దాల మేడమ్ ఏదో రాసుకున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను.

చిన్నది నోరు తెరవలేదు.

‘‘తిను బంగారు, నెయ్యి వేసినా చూడు’’ అంటూ తల్లి చిన్న ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. పిల్ల మూతి బిగించింది. ఒళ్ళోకి లాక్కుంది, కాకిని చూపించింది, పాట పాడింది. పిల్ల ఆమె చెయ్యి నెట్టేసి, ‘‘గంట కొట్లేదు’’ అంది. అని ఊరుకోలేదు. ఒళ్ళోంచి జారి, గదిలోకి పోయి తన స్టీలు కంచం తెచ్చుకుని, వంటింటి ముందు, వరస మొదలయ్యే చోట ఒక్కతే పోయి నిలబడింది. ఎంత బుద్ధిగా నిలబడిందని! నేను ఫోటోలు తీసి పంపుకున్న వరస అదే.

తల్లి చేతిలో ముద్ద అలాగే ఉంది. కళ్ళద్దాల మేడమ్ పెన్ను ఆగింది. ఆ ఆగిన పెన్నులో ఇద్దరు పిల్లలున్నారు.

నేను పోయి ఇనుప కడ్డీ తీసుకుని రైలు పట్టాను బాదాను. టైము పదకొండుంబావు. వంటామె ‘‘ఎవరది? ఇంకా పప్పే ఉడకలేదు!’’ అని అరుస్తూ బయటికొచ్చింది. పిల్లలు గదుల్లోంచి కంచాలతో పరుగెత్తుకొచ్చారు. గొర్రెల మనిషి ఒక్క క్షణం నన్ను చూసింది. తరవాత గిన్నె ఎత్తుకుని గబగబా వచ్చి, వంటామె నిలబడే చోట నిలబడి, కూతురి కంచంలో ముద్ద పెట్టింది. పిల్ల నేల మీద కూర్చుని, ఊరిబిండి నంజుకుని, కారానికి ముక్కు ఎగబీలుస్తూ మొత్తం తినేసింది.

కళ్ళద్దాల మేడమ్ ఫైలులో, తల్లి వండింది, పిల్లలు తిన్నారు అని మాత్రమే రాశారు. కారు ఎక్కుతూ నాతో, ‘‘మీరు సమయానికి బాగా కొట్టారు’’ అన్నారు. మెచ్చుకున్నారో తిట్టారో నాకిప్పటికీ తెలియదు.

మధ్యాహ్నం గొర్రెల మనిషి గిన్నెలు తోముతుంటే పక్కన పోయి నిలబడ్డాను. ఏదో ఒకటి చెప్పాలనిపించింది.

‘‘బాగనే అలవాటు చేసినారు మేడమ్’’ అంది తల ఎత్తకుండా.

వెటకారం నా సొత్తు అనుకుని బతికినదాన్ని. ఆమె వెటకారంగా అనలేదు, ఉన్నమాట అంది. నాకు ఏడుపొచ్చింది. ఆఫీసులోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

అనుమతి కాగితం వచ్చింది. తులసి మొక్క, ఫోటో అయ్యాక హిందూపురం స్టేషనుకు నేనే దిగబెట్టాను. ధర్మవరం పోయే రైలు వచ్చి ఆగింది. పెద్దపిల్ల మూటతో ముందే ఎక్కి కిటికీ పక్కన చోటు పట్టుకుంది. తల్లి చిన్నదాన్ని ఎత్తుకోబోతే అది నా చీర కుచ్చిళ్ళు రెండు చేతులా పట్టుకుని, ‘‘నేను రాను, మేడమ్! మేడమ్!’’ అని గుక్కపెట్టి ఏడ్చింది. ప్లాట్‌ఫారం మీద జనం మమ్మల్నే చూస్తున్నారు. ఆ పిల్ల కన్నతల్లిని కాదని నా కోసం ఏడుస్తుంటే నాకు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. దాచను. గర్వంగానే అనిపించింది. నా ఉద్యోగం మొత్తంలో నేను ఎక్కువ సిగ్గుపడేది ఆ క్షణానికే.

తల్లి వంగి, నా చీర మీద నుంచి కూతురి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. బిడ్డను భుజాన వేసుకుని బోగీ ఎక్కి, తలుపు దగ్గర నిలబడి నా వైపు తిరిగింది.

‘‘మేడమ్, మీరు మా ఇంటికాడికి రావొద్దండి. ఇది మిమ్మల్ని మరిచిపోవల్ల’’ అంది.

ఆ తరవాత ఆరు నెలల్లో మూడుసార్లు పోయి ఆ కుటుంబం ఎలా ఉందో చూసి రావడం మేనేజరు బాధ్యత. పోలేదు, ఆ ఫారాలు ఖాళీగానే ఉంచాను. అధ్యక్షులవారు రెండుసార్లు గుర్తు చేశారు, మూడోసారి కోప్పడ్డారు. రెండేళ్ళయింది. ధర్మవరం మీదుగా ఎన్నోసార్లు పోయాను. రైలు ఆగిన ప్రతిసారీ కిటికీలోంచి ప్లాట్‌ఫారం అంతా వెతుకుతాను, దిగను.